గోరుచుట్టు వస్తే నానబెట్టాలా, మాత్ర వేసుకోవాలా, కోయించుకోవాలా?

గోటి పక్కన తోలు పోగు లేచింది, పంటితో పీకేశారు. మర్నాటికి అక్కడ ఎర్రబడింది. మూడో రాత్రికి వేలు సలుపుతో నిద్ర పట్టనివ్వదు. తెల్లారేసరికి సలహాలు మొదలు. ఇంట్లో పెద్దావిడ నిమ్మకాయ తొడగమంటుంది. మందుల షాపులో ఐదు రోజుల యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. ఆఫీసులో ఒకాయన పిన్నీసు కాల్చి గుచ్చేస్తే అదే పోతుందంటాడు. గోరుచుట్టు ఏ దశలో ఉందని మాత్రం ఎవరూ అడగరు. ఏం చెయ్యాలన్నది మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

విశాఖలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. గాలిలో తేమ, దానికి తోడు నీళ్లలో నానే చేతులు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు ఏరేవాళ్లు, రొయ్యలు ఒలిచేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, నాలుగిళ్లలో పని చేసేవాళ్లు రోజంతా తడిలోనే ఉంటారు. గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ బూట్లతో ఎనిమిది గంటలు నిలబడేవాళ్లకు చేతి వేలు బాగానే ఉంటుంది, కాలి బొటనవేలు వాస్తుంది. రెంటికీ పేరు ఒకటే అయినా వైద్యం ఒకటి కాదు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది చీము. గోటి మడత కింద పసుపు రంగులోనో తెల్లగానో ఉబ్బు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. కనిపించకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. వేలి కొన లోపలి వైపు, అంటే వేలిముద్ర వేసే మెత్తని భాగాన్ని, మెల్లగా నొక్కి గోటి మడత వైపు చూడండి. వాచిన చోట ఒక ముక్క చుట్టూ ఉన్న ఎరుపు నుంచి విడిపడి పాలిపోయినట్టు తేలితే అక్కడ చీము చేరినట్టే. అంతా ఒకేలా ఎర్రగా, గట్టిగా ఉంటే ఇంకా చేరలేదనుకోవచ్చు.

రెండోది కాలం. ఆరు వారాల లోపుదైతే అది సూక్ష్మజీవుల పని. చాలావరకు స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తెచ్చేదే. ఆరు వారాలు దాటి, ఒకటి కంటే ఎక్కువ వేళ్లకు పాకి, తగ్గుతూ మళ్లీ వస్తూ ఉంటే కథ వేరు. అక్కడ అసలు దోషి తడి, సబ్బు. గోటి మొదట్లో చర్మాన్ని గోటికి అతికించి ఉంచే సన్నని పొర, అదే క్యూటికిల్, ఊడిపోతుంది. ఆ సందులోకి నీళ్లు దిగుతాయి, వాటి వెనకే కాండిడా అనే ఫంగస్ కాపురం పెడుతుంది.

మూడోది, ఎవరి వేలు అన్నది. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలో కీమోథెరపీయో తీసుకుంటున్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ తగ్గినవాళ్లు ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ వల్ల కూడా గోరుచుట్టు వస్తుంది. ఆ మందు వాడుతుంటే రాసిచ్చిన డాక్టరుకే ముందు చెప్పాలి.

నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. అది అసలు గోరుచుట్టేనా? మూడు వేషధారులున్నాయి.

ఒకటి హెర్పిస్. చీము ఉబ్బు బదులు చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా వస్తాయి, కంటికి కనిపించేదాని కంటే నొప్పి చాలా ఎక్కువ. దీన్ని కోయకూడదు. కోస్తే చీము రాదు, పైగా కొత్తగా బ్యాక్టీరియాకు దారి ఇచ్చినట్టవుతుంది. నోటి చుట్టూ పొక్కులున్న పిల్లలు వేలు చీకితే ఇలా రావచ్చు.

రెండోది వేలి కొన మెత్తని భాగమే రాయిలా బిగుసుకుని, ముట్టుకోనివ్వకుండా ఉండటం. చీము గోటి దగ్గర కాదు, వేలి గుజ్జులో చేరింది. అక్కడ చిన్న చిన్న గదుల్లాంటి అరలుంటాయి. ఒత్తిడి పెరిగే కొద్దీ రక్తం అందదు, ఎముకకు కూడా పాకవచ్చు. అదే రోజు సర్జన్ చూడాలి.

మూడోది చేపల పని చేసేవాళ్లది. రొయ్య తల ముల్లో చేప రెక్కో గుచ్చుకున్న కొన్ని రోజులకు వేలు ఊదా ఎరుపుగా మారుతుంది, మంట, నొప్పి ఉంటాయి, చీము మాత్రం ఉండదు. అంచు స్పష్టంగా గీసినట్టు మెల్లగా పాకుతుంది. దీన్ని ఎరిసిపెలాయిడ్ అంటారు, పెన్సిలిన్ జాతి మందుకు తగ్గుతుంది. డాక్టరు దగ్గర “చేపల పని చేస్తాను” అన్న ఒక్క మాట చెప్పకపోతే ఇది తప్పిపోయే అవకాశం ఎక్కువ.

ఒక చూపులో

| మార్గం | ఎప్పుడు సరిపోతుంది | ఎప్పుడు పనికిరాదు | ఫలితం తెలిసే గడువు |
|---|---|---|---|
| గోరువెచ్చని నీళ్లలో నానబెట్టడం | మొదటి ఒకటి రెండు రోజులు, ఎరుపు ఉండి చీము లేనప్పుడు | చీము గడ్డ కట్టాక. స్పర్శ తగ్గిన షుగర్ కాళ్లకు | 48 గంటలు |
| యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ | నానబెట్టడానికి తోడుగా | ఒంటరిగా, చీము మీద పూతగా | 2–3 రోజులు |
| యాంటీబయాటిక్ మాత్రలు | ఎరుపు వేలు మీదకు పాకుతుంటే, షుగర్ ఉంటే | చీము తీయకుండా | 2–3 రోజులు |
| చీము తీయించడం | చీము చేరినప్పుడు | హెర్పిస్ పొక్కులకు | నొప్పి ఆ రోజే తగ్గుతుంది |
| తడి మానడం, డాక్టరు రాసిన స్టెరాయిడ్ లేపనం | ఆరు వారాలు దాటినదానికి | కొత్తగా చీము పట్టినదానికి | వారాలు, నెలలు |
| గోటి అంచు తీయించడం | కాలి గోరు కండలో దిగితే | చేతి గోరుచుట్టుకు మామూలుగా అక్కర్లేదు | కొన్ని వారాలు |

నానబెట్టడం: చవకైనది, కానీ ఓపిక కావాలి

రోజుకు మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ 10 నుంచి 15 నిమిషాలు. స్నానం చేస్తూ రెండు నిమిషాలు వేడినీళ్లు తగిలించడం లెక్కలోకి రాదు. మోచేతి వంపు పెట్టి చూస్తే హాయిగా అనిపించే వేడి చాలు. వేడి ఎక్కువైతే త్వరగా తగ్గదు, బొబ్బలెక్కుతుంది. కావాలంటే పావిడోన్ అయొడిన్ ద్రావణం కొన్ని చుక్కలు, నీళ్లు పలచటి టీ రంగుకు వచ్చేదాకా కలపవచ్చు. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు అయొడిన్ మానేసి ఒట్టి నీళ్లే వాడుకోవడం మేలు.

నానిన వేలిని తీసి అలాగే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. మెత్తటి పొడి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి, గోటి మూల దాకా. ఆ తర్వాతే ఆయింట్‌మెంట్. మ్యూపిరోసిన్ గానీ ఫ్యూసిడిక్ యాసిడ్ గానీ, రెండూ 2 శాతం, రోజుకు మూడుసార్లు పలచగా రాస్తే చాలు. ముద్దగా పూసి బిగించి కట్టు కడితే లోపల చెమట పట్టి చర్మం తెల్లగా ఉబ్బుతుంది. నొప్పికి పెద్దవాళ్లయితే పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా. కాలేయం జబ్బున్నవాళ్లు ఈ లెక్క డాక్టరును అడగాలి.

రెండు రోజులు ఇలా నియమంగా చేశాక సలుపు తగ్గకపోతే మూడో రోజు కూడా చూద్దామనుకోకండి. అప్పటికే చీము చేరి ఉండవచ్చు.

నిమ్మకాయ సంగతి. కాయకు చిల్లి పెట్టి వేలికి తొడిగితే చల్లగా ఉంటుంది, వేలు ఎక్కడా తగలకుండా కాస్త రక్షణ కూడా. అంతవరకే. ఆ పులుపు చిట్లిన చర్మాన్ని మండిస్తుంది, లోపల చర్మం నాని చివికిపోతుంది. పైగా నిమ్మరసం అంటిన చేత్తో ఎండలోకి వెళ్తే కాలిన మచ్చల్లా నల్లబడటం, బొబ్బలు రావడం జరుగుతాయి. పసుపు ముద్ద పెద్దగా చెడు చేయదు, కానీ ఎరుపు ఎంత దూరం పాకిందో కనిపించకుండా దాచేస్తుంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడం మాత్రం అక్షరాలా గోరుచుట్టు మీద రోకటిపోటు. సున్నం క్షారం, చర్మాన్ని కాలుస్తుంది.

మాత్రలు: అడగ్గానే దొరుకుతాయి, అదే చిక్కు

చీము గడ్డ లోపలికి రక్తనాళాలు వెళ్లవు. మాత్రలోని మందు ప్రయాణించేది రక్తంలోనే. కాబట్టి గడ్డ కట్టిన చీమును మాత్ర కరిగించలేదు, చుట్టూ ఉన్న వాపును కాస్త తగ్గించి మభ్యపెడుతుంది. కోర్సు అయిన మూడో నాటికి సలుపు తిరిగొస్తుంది, అప్పుడు “ఇంకా స్ట్రాంగ్‌ది” అడుగుతారు. గోరుచుట్టుకు జరిగే తప్పుల్లో ఇదే పెద్దది. స్ట్రాంగ్ మందు వల్ల కాని పని ఒక సూది మొన చేస్తుంది.

మాత్రలు నిజంగా అవసరమయ్యే సందర్భాలున్నాయి. ఎరుపు గోటి చుట్టూ ఆగకుండా వేలి మీదకు పాకడం, జ్వరం, చంకలో బిళ్ల కట్టడం, షుగర్, రోగనిరోధక శక్తి తగ్గి ఉండటం. అప్పుడు డాక్టరు సాధారణంగా సెఫలెక్సిన్ లాంటిది ఎంచుకుంటారు. గోళ్లు కొరికేవాళ్లకు, బొటనవేలు చీకే పిల్లలకు నోట్లో ఉండే బ్యాక్టీరియా కూడా చేరి ఉంటుంది. వాళ్లకు అమోక్సిసిలిన్ క్లావులనేట్ వైపు మొగ్గుతారు. అందుకే “గోళ్లు కొరుకుతావా?” అని డాక్టరు అడిగితే సిగ్గుపడి లేదనకండి. చాలామంది షాపులో తీసుకునే అజిత్రోమైసిన్ ఈ జబ్బుకు మొదటి ఎంపిక కాదు. మందు రేకు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అది కొనకూడదని అర్థం.

చీము శుభ్రంగా తీసేశాక, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చాలాసార్లు యాంటీబయాటిక్ అసలే అక్కర్లేదు. డాక్టరు రాయలేదంటే మరిచిపోయారనుకోవద్దు.

చీము తీయించడం: భయం ఎక్కువ, పని తక్కువ

జరిగేది ఇది. వేలి మొదట్లో రెండు పక్కలా లిడోకైన్ మత్తు ఇస్తారు. మొత్తం పనిలో నొప్పి ఉండేది ఈ సూది దగ్గరే. ఐదు, పది నిమిషాలకు వేలు మొద్దుబారుతుంది. తర్వాత సన్నని బ్లేడునో సూదినో గోటి మీద బల్లపరుపుగా ఆనించి, గోటికీ మడతకీ మధ్య సందులోకి జార్చి మడతను కొద్దిగా పైకి లేపుతారు. చీము దానంతటదే జారుతుంది. చర్మాన్ని కోసే అవసరం చాలాసార్లు ఉండదు, కుట్లు ఉండవు. ఉప్పునీటి ద్రావణంతో కడిగి, మళ్లీ మూసుకుపోకుండా సందులో కట్టు కట్టే పలచటి గాజ్ గుడ్డ పీలిక పెట్టవచ్చు. చీము గోటి కిందకి పాకి ఉంటే గోరులో కొంత ముక్క తీయాల్సి రావచ్చు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో అడుగుతారు, గుర్తు తెచ్చుకుని వెళ్లండి.

ఇంటికొచ్చాక వేలిని వెచ్చని నీళ్లలో నానబెట్టడం మళ్లీ మొదలు, రోజుకు మూడు నాలుగు సార్లు, రెండు మూడు రోజుల పాటు. 48 గంటలకు ఒకసారి చూపించుకోవాలి.

ఇంట్లో పిన్నీసుతో గుచ్చుకుంటే తేడా ఏమిటంటారా? చేతికి దొరికిన కోణంలో, పై నుంచి లోపలికి గుచ్చుతారు. గోరు పుట్టే చోటు సరిగ్గా ఆ మడత కిందే ఉంటుంది. దానికి గాయమైతే గోరు జీవితాంతం గీత పడి, చీలి పెరగవచ్చు. పిన్నీసు మొన దగ్గర అగ్గిపుల్ల చూపిస్తే మసి పడుతుంది, అంతేగానీ శుభ్రం కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకన్నారు సరే, పిన్నీసుతో మొదలుపెట్టినవాళ్లే చివరికి గొడ్డలి దాకా వస్తారు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఎదురుచూడకండి. వేలు మొత్తం సొరకాయలా ఒకేలా వాచింది, కొద్దిగా వంగి ఉండిపోయింది, నిటారుగా చాచబోతే ప్రాణం పోతోంది, అరచేతి వైపు వేలి పొడవునా ముట్టుకుంటే నొప్పి. చీము స్నాయువు, అంటే వేలిని వంచే తాడులాంటి నరం, తొడుగులోకి దిగి ఉండవచ్చు. ఇది గంటల్లో వేలిని దెబ్బతీసే విషయం. రాత్రయినా సరే ఎమర్జెన్సీకే.

నెలల తరబడి ఉన్నదానికి: మందు సగం, పొడి సగం

ఇక్కడ ఎంపిక మందుల మధ్య కాదు, అలవాట్ల మధ్య. “ఫంగస్ అట, క్రీము రాస్తున్నా” అంటూ నెలల తరబడి క్లోట్రిమజోల్ రాసేవాళ్లు ఉంటారు. గిన్నెల సబ్బు మాత్రం మానలేదు. తగ్గదు. నిజానికి దీర్ఘకాలపు గోరుచుట్టులో ఫంగస్ మందు కంటే డాక్టరు రాసిన స్టెరాయిడ్ లేపనమే బాగా పని చేస్తుంది. ఇది ఎక్కువగా తడికి, సబ్బుకు చర్మం రేగి వచ్చే జబ్బే, ఫంగస్ తర్వాత వచ్చి కూర్చున్నది. బీటామెథాసోన్ లేదా మోమెటాసోన్ రెండు మూడు వారాలు, చర్మం పలచబడే భయముంటే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనం, అవసరమైతే ఫంగస్ మందు తోడుగా. గడువు డాక్టరు చెప్పినంతే. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన ట్యూబులు షాపుల్లో దొరుకుతాయి, “అన్నిటికీ ఒకటే” అంటారు. వాటిని సొంతంగా మొదలుపెట్టకండి. మొదటి వారం అద్భుతం, ఆ తర్వాత చర్మం పలచబడి మొండి ఫంగస్ మిగులుతుంది.

ఊడిన క్యూటికిల్ మళ్లీ అతుక్కోవడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది. వంకర పోయిన గోరు పూర్తిగా మారాలంటే ఆరు నెలలు.

చేతి తొడుగుల దగ్గరా ఎంపిక ఉంది. రబ్బరు తొడుగు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట, అంటే నీళ్లు మానలేదు, ఉప్పునీళ్లకు మారారంతే. లోపల పలచటి నూలు తొడుగు, పైన వినైల్ లేదా నైట్రైల్ తొడుగు. నూలుది తడవగానే మార్చాలి, కాబట్టి కనీసం మూడు జతలు ఉండాలి. రొయ్యలు ఒలిచేవాళ్లకు ముల్లు దిగి పైది చిల్లి పడుతుంది. చిల్లి పడిన తొడుగు అసలు లేనిదానికంటే హీనం, నీళ్లను లోపల పట్టి ఉంచుతుంది. పని మొదలెట్టే ముందు ఊది చూసుకోవడం ఒక్క నిమిషం పని. పని అయ్యాక చేతులు కడిగి, ఆరబెట్టి, గోళ్ల మొదట్లో వాజలిన్ లాంటిది రాయాలి. పెళ్లికో పండగకో పార్లర్‌కు వెళ్తే, క్యూటికిల్ వెనక్కి నెట్టొద్దు, కత్తిరించొద్దని ముందే చెప్పండి.

ఒకే ఒక్క వేలికి, ఎన్ని మందులు వాడినా, నెలల తరబడి మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. అరుదే గానీ, గోటి కింద పుట్టే చర్మ క్యాన్సర్ గోరుచుట్టు వేషంలో ఏళ్ల తరబడి ఉండిపోగలదు.

కాలి బొటనవేలు: లెక్క వేరు

ఇక్కడ చాలాసార్లు మూలం గోరే. మూలలు గుండ్రంగా లోతుగా కత్తిరిస్తే మిగిలిన ముక్క ముల్లులా కండలోకి దిగుతుంది, ఇరుకు బూటు దాన్ని నొక్కుతుంది. ఎరుపు, నొప్పి మాత్రమే ఉంటే సన్నని దూది పోగును గోటి మూల కిందకి మెల్లగా దూర్చి, రోజూ స్నానం తర్వాత మార్చుతూ కొన్ని వారాలు ఉంచవచ్చు. గోరు ఎదిగి అంచు దాటేదాకా. పక్కన ఎర్రటి దుర్మాంసం పెరిగి రసి కారుతుంటే దూది దశ దాటిపోయింది.

అప్పుడు “గోరు మొత్తం పీకేయండి” అని అడిగేవాళ్లు ఎక్కువ. ఇది పొరపాటు బేరం. కాలి గోరు పూర్తిగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, వచ్చాక మళ్లీ అలాగే దిగవచ్చు. గుచ్చుకునే అంచు మాత్రం తీసి, అది పుట్టే చోట ఫీనాల్ అనే రసాయనం పూయించుకుంటే ఆ అంచు మళ్లీ వచ్చే అవకాశం బాగా తక్కువ. గోరు కాస్త సన్నబడుతుంది, కొన్ని వారాలు రసి కారుతుంది. డ్యూటీ మానలేనివాళ్లకు కూడా ఇదే నయం, కానీ మొదటి కొద్ది రోజులు బూటు వేసుకోలేరు, సెలవు చూసుకుని చేయించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు కాలికి వీటిలో ఏదీ ఇంట్లో చేయకండి. స్పర్శ తగ్గిన పాదానికి నీళ్ల వేడి తెలియదు, నానబెట్టబోయి కాల్చుకుంటారు. బీచ్‌లో ఒట్టికాళ్లతో నడక కూడా వద్దు.

ఎక్కడ చూపించుకోవాలి

మొదటి రెండు రోజుల ఎరుపుకు మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు. చీముంటే సర్జన్, నెలల నాటిదైతే చర్మవైద్యులు. మహారాణిపేటలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో రెండు విభాగాలూ ఉన్నాయి. ఖర్చు తక్కువ, పొద్దున్నే వెళ్లాలి, ఒక పూట పని పోతుంది. రోజు కూలీ వాళ్లు ఆ పూటను లెక్కేసుకుని నాలుగు రోజులు సలుపు ఓర్చుకుంటారు, చివరికి వారం పని పోతుంది. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే సమయం మిగులుతుంది, కానీ చీము తీసే పని అక్కడే చేస్తారా, వేరే చోటికి పంపుతారా అని ఫోన్‌లో అడిగి బయల్దేరండి.

వాడుతున్న మందుల చీటీలు, షుగర్ రిపోర్టు పట్టుకెళ్లండి. వేలికి పసుపు ఉంటే కడిగేయండి. నెయిల్ పాలిష్ ఉంటే ఇంట్లోనే తీసేయండి. గోరు ఆకుపచ్చగా మారిందంటే సూడోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా చేరినట్టు. ఆ పచ్చదనమూ, గోటి కింద పాకిన చీమూ రంగు చాటున డాక్టరుకు కనిపించవు.